చదివిందంతా వచ్చినట్టే ఉంటుంది, పేపర్ చూడగానే పోతుంది

ప్రశ్న: నేను పన్నెండో తరగతి చదువుతున్నాను. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ నా సబ్జెక్టులు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షకు ఇంకా ఐదు నెలలుంది. రోజూ ఎనిమిది గంటలు చదువుతున్నాను. చదివేటప్పుడు అంతా అర్థమవుతుంది. స్కూల్లో పదిహేను రోజులకోసారి పెట్టే యూనిట్ టెస్టుల్లో 25కి 21, 22 వస్తాయి. వాటికి ముందురోజు గట్టిగా కూర్చుంటాను. కానీ మొత్తం సిలబస్ మీద పెట్టే మాక్ టెస్టులో 300కి 110 దగ్గరే ఆగిపోతున్నాను. మొన్నటి దాంట్లో 75 ప్రశ్నలకు 35 కరెక్టు, 30 తప్పు, 10 వదిలేశాను. కరెక్టుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. ఇంటికొచ్చి జవాబులు చూస్తే 'అరే, ఇది నాకు తెలుసు కదా' అనిపించేవే ఎక్కువ. నా స్నేహితుడు రాత్రి రెండింటిదాకా చదువుతాడు. నేనూ గంటలు పెంచాలా? లేక నా జ్ఞాపకశక్తిలోనే లోపం ఉందా?

జవాబు: జ్ఞాపకశక్తి గురించి బెంగ వద్దు. ఒక్కరోజు చదివి 22 తెచ్చుకునే బుర్రకు లోపమేమీ లేదు. గంటల సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు నీ ఉత్తరంలోనే ఉన్న మాట ఒకటి పట్టుకుందాం: 'ఇది నాకు తెలుసు కదా'.

జవాబు కళ్లముందు ఉన్నప్పుడు తెలుసనిపించడం వేరు, ఖాళీ కాగితం ముందు కూర్చున్నప్పుడు అది బయటికి రావడం వేరు. దారిలో ఎదురైన మనిషిని చూడగానే ఫలానా చోట కలిశామని తెలుస్తుంది. పేరు మాత్రం ఎంత కొట్టుకున్నా రాదు. ముఖం గుర్తుపట్టినంత సులువు కాదు పేరు గుర్తుతెచ్చుకోవడం. నువ్వు రోజుకు ఎనిమిది గంటలు గుర్తుపట్టడం సాధన చేస్తున్నావు. పరీక్షేమో గుర్తుతెచ్చుకోమంటోంది. రెండోసారి, మూడోసారి చదివేటప్పుడు పేజీ జారుడుబల్ల మీద జారినట్టు సాగిపోతుంది కదా, ఆ సులువును చూసి 'వచ్చేసింది' అనుకుంటున్నావు. నిజానికి పేజీ పాతబడింది, అంతే.

ఇది ఊరికే అంటున్నమాట కాదు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులతో నాలుగు విడతలు చదివించారు. ఇంకొందరితో ఒక్క విడతే చదివించి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే నాలుగు విడతలు చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం గుర్తుంది, రెండో జట్టుకు 71. వారం తర్వాత పెడితే తలకిందులైంది. చదివినవాళ్లకు 40 శాతం మిగిలింది, రాసుకున్నవాళ్లకు 61. ఇంకో తమాషా ఏమిటంటే, వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే, నాలుగు విడతలు చదివినవాళ్లే ధీమాగా ఎక్కువ చెప్పారు.

నీ యూనిట్ టెస్టు ఆ ఐదు నిమిషాల పరీక్ష లాంటిది. మాక్ టెస్టు వారం తర్వాతి పరీక్ష లాంటిది. నీకు 22, 110 రెండూ ఎందుకొస్తున్నాయో ఇప్పుడు తెలిసింది కదా.

కాబట్టి మార్చాల్సింది పుస్తకం తెరిచి ఉంచే సమయానికీ, మూసి ఉంచే సమయానికీ ఉన్న నిష్పత్తి. ఇప్పుడు నీది బహుశా తొమ్మిదికి ఒకటి. సగం సగానికి తీసుకురా. ఎలాగో ఒక పాఠం మీదే చూద్దాం. ఫిజిక్స్‌లో కెపాసిటర్ల పాఠం అనుకో. అందులో ఒక్క సెక్షన్ తీసుకుని పాతిక నిమిషాలు చదువు. అండర్‌లైన్లు, రంగు మార్కర్లు వద్దు. పుస్తకం మూసేసి అరగంట వేరే సబ్జెక్టు చెయ్యి. ఈ అరగంట ముఖ్యం. చదివిన మరుక్షణం రాస్తే ఇంకా చెవుల్లో మోగుతున్నదే రాస్తావు, అది గుర్తుతెచ్చుకోవడం కిందికి రాదు. తర్వాత ఒక తెల్ల కాగితం తీసుకుని పది నిమిషాల్లో ఆ సెక్షన్ అంతా నీ మాటల్లో దించు: నిర్వచనం, బొమ్మ, సూత్రం, ఆ సూత్రం ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయదు.

మొదటిరోజు ఏమవుతుందో ముందే చెప్తాను. రెండు సమాంతర పలకల బొమ్మ చకచకా వచ్చేస్తుంది. కెపాసిటెన్స్ సూత్రం కూడా వస్తుంది. పలకల మధ్య డైఎలెక్ట్రిక్, అంటే విద్యుత్తును పోనివ్వని పదార్థం, దూర్చితే దాచుకున్న శక్తి పెరుగుతుందా తగ్గుతుందా అన్న దగ్గర పెన్ను ఆగిపోతుంది. అప్పుడు చెయ్యి పుస్తకం మీదికి వెళ్తుంది. వెళ్లనీయకు. కనీసం రెండు నిమిషాలు అలాగే తన్నుకో. తప్పైనా సరే ఒక జవాబు రాయి. ఆ తర్వాతే పుస్తకం తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ ఎర్ర పెన్నుతో ఆ కాగితం మీదే దిద్దు. ఇక ఈ సెక్షన్‌లో నువ్వు మళ్లీ చదవాల్సింది ఆ ఎర్ర ముక్కలే. నల్ల సిరాతో రాసింది నీ సొంతమైనట్టే, ప్రస్తుతానికి.

ఈ పద్ధతి మొదలుపెట్టినవాళ్లలో చాలామంది మూడో రోజో నాలుగో రోజో మానేస్తారు. కారణం ఒక్కటే: చిరాకు. చదువుతుంటే రోజుకు నలభై పేజీలు అయ్యేవి, ఇప్పుడు పద్దెనిమిది కూడా కావట్లేదని దిగులు పట్టుకుంటుంది. ఆ నలభైలో నెల తర్వాత నీ దగ్గర ఎన్ని మిగులుతున్నాయో మాక్ టెస్టు ఇప్పటికే చెప్పింది. ఇంకొందరు హెడ్డింగులు మాత్రం రాసేసి 'కింద ఉన్నది నాకు తెలుసులే' అనుకుంటారు. హెడ్డింగ్ ఎవరికైనా గుర్తుంటుంది. కింద ఉన్నదే పరీక్షలో అడుగుతారు.

లెక్కల దగ్గర ఇదే జబ్బు ఇంకో వేషంలో వస్తుంది. లెక్క రాదు, సొల్యూషన్ చూస్తావు, ప్రతి లైనుకూ తల ఊపుతావు, 'అర్థమైంది' అని టిక్కు పెట్టి తర్వాతి దానికి వెళ్తావు. ఆ లెక్క చేసింది పుస్తకం రాసినాయన, నువ్వు కాదు. రానప్పుడు పది నిమిషాలు పట్టు విడవకు. ఇచ్చినవేమిటి, అడిగిందేమిటి, వీటిని కలిపే సూత్రాలేమిటి అన్నవి కాగితం మీద పెట్టు. అప్పటికీ కదలకపోతే సొల్యూషన్ మీద ఒక కాగితం కప్పి, మొదటి లైను ఒక్కటే బయటపెట్టు. చాలాసార్లు ఆ ఒక్క లైనే చాలు. మూసేసి అక్కడి నుంచి నువ్వే చెయ్యి. మళ్లీ ఆగితే ఇంకో లైను. చివరికి మొత్తం చూడాల్సి వచ్చిందే అనుకో, ఆ లెక్క నంబరు పక్కన చుక్క పెట్టు. మర్నాడు ఆ చుక్క లెక్కలు మొదటి నుంచి, ఏమీ చూడకుండా చెయ్యాలి. వచ్చేదాకా చుక్క కొట్టేయకూడదు.

లెక్కల గురించే ఇంకొకటి. ఇంటిగ్రేషన్‌లో సబ్‌స్టిట్యూషన్ మీద నలభై లెక్కలు వరసగా చేసి, తర్వాత బై పార్ట్స్ మీద ఇంకో నలభై చేస్తారు అందరూ. పదో లెక్కకే చెయ్యి దానంతటదే నడుస్తుంది, హాయిగా ఉంటుంది. కానీ ఆ నలభైలోనూ ఏ పద్ధతి వాడాలో చెప్పింది పైనున్న హెడ్డింగ్. పరీక్ష పేపర్లో హెడ్డింగ్ ఉండదు. ఎక్స్ (x)ని ఈ పవర్ ఎక్స్ (eˣ)తో గుణించి ఇంటిగ్రేట్ చేయమంటే బై పార్ట్స్. అదే ఘాతంలో ఎక్స్ బదులు ఎక్స్ స్క్వేర్ ఉంటే సబ్‌స్టిట్యూషన్, రెండు లైన్లలో అయిపోతుంది. చూడ్డానికి కవలల్లా ఉంటాయి. దేనికి ఏది వాడాలో పోల్చుకునే చూపు కావాలంటే రెండూ కలిపి చెయ్యాలి. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ఇదే చూశారు. ఘనాకృతుల ఘనపరిమాణం లెక్కల్ని ఒక జట్టుతో రకాలవారీగా, ఇంకో జట్టుతో కలగలిపి చేయించారు. సాధన సమయంలో రకాలవారీగా చేసినవాళ్లకు 89 శాతం కరెక్టు, కలగలిపినవాళ్లకు 60. వారం తర్వాత పరీక్షలో కలగలిపినవాళ్లకు 63 శాతం, రకాలవారీ వాళ్లకు 20.

పాఠం కొత్తగా మొదలుపెట్టినప్పుడు ఒకే రకం ఎనిమిదో పదో చేయడంలో తప్పులేదు, చెయ్యి తిరగాలి కదా. ఆ తర్వాత మాత్రం కలిపేయి. రోజూ ఒక పదిహేను లెక్కలు వేర్వేరు పాఠాల నుంచి ఏరుకో: ఇవాళ్టి పాఠంవి ఐదు, కిందటి వారానివి ఐదు, రెండు నెలల కిందటివి ఐదు. లెక్క మొదలుపెట్టే ముందు 'ఇది ఏ పాఠం, ఏ పద్ధతి, ఎందుకు' అని పక్కన మూడు మాటలు రాయి. కొన్నిసార్లు ఇది రాసి వదిలేసినా పర్వాలేదు. మీ పేపర్లో దొర్లే తప్పుల్లో ఎన్నో ఈ మొదటి ముప్పై సెకన్లలోనే దొర్లుతాయి.

ఇక మరుపు. దాన్ని అడ్డుకోలేం గానీ, తెలివిగా వాడుకోవచ్చు. ఒక పాఠాన్ని కాస్త మరిచిపోవడం మొదలైన తర్వాత గుర్తుతెచ్చుకుంటే అది ఇంకా లోతుగా దిగుతుంది. ఎంత ఎడం ఇవ్వాలన్నది పరీక్ష ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. సెపెడా, అతని సహచరులు 2008లో వెయ్యిమందికి పైగా మీద చేసిన అధ్యయనంలో, చదివి వారంలో పరీక్ష ఉంటే ఒక్కరోజు ఎడంతో మళ్లీ చూడటం మేలని తేలింది. 35 రోజుల్లో ఉంటే సుమారు 11 రోజులు, 70 రోజుల్లో ఉంటే మూడు వారాలు. వీటిని అంకెలుగా బట్టీ పట్టనక్కర్లేదు. నీకు ఐదు నెలలుంది కాబట్టి ప్రతి పాఠాన్నీ మర్నాడు, వారానికి, మూడు వారాలకు, ఆ తర్వాత నెలకోసారి పలకరిస్తే సరిపోతుంది. పలకరించడమంటే మళ్లీ చదవడం కాదు. తెల్ల కాగితం, పదిహేను నిమిషాలు, ఎర్ర పెన్ను, ఆ పాఠం నుంచి మూడు లెక్కలు. మొత్తం అరగంట దాటకూడదు.

దీనికి యాప్‌లూ రంగురంగుల టైమ్‌టేబుళ్లూ అక్కర్లేదు. పాత డైరీ ఒకటి చాలు. ఇవాళ కెపాసిటర్లు చదివావనుకో, రేపటి పేజీలో 'కెపాసిటర్లు 1' అని, వారం తర్వాతి పేజీలో 'కెపాసిటర్లు 2' అని, మూడు వారాల తర్వాత 'కెపాసిటర్లు 3' అని రాసెయ్యి. రోజూ పొద్దున డైరీ తెరిస్తే ఇవాళ ఎవరెవర్ని పలకరించాలో అదే చెప్తుంది. రోజుకు మూడు మించి పడకుండా చూసుకో. నాలుగోది వస్తే మర్నాటికి తోసెయ్, ఒకరోజు అటూ ఇటూ అయితే కొంపేమీ మునిగిపోదు. జబ్బు చేసో పెళ్లికి వెళ్లో నాలుగు రోజులు పోయాయనుకో, పోయినవన్నీ ఒకేరోజు లాగించాలని చూడకు. డైరీ వదిలేసేది అక్కడే.

యూనిట్ టెస్టులు మానేయమని నేననను, వాటినే పనిముట్టు చేసుకో. ముందురోజు ఆరు గంటలు కూర్చునే బదులు, అదే ఆరు గంటల్ని ఆ పదిహేను రోజుల మీద పరుచు. టెస్టుకు ముందురోజు నలభై నిమిషాల్లో పుస్తకం మూసి ఒక నమూనా పేపర్ రాసి, తప్పులు చూసుకుని లేచిపో. ఆ తర్వాత ఎవరూ చేయని పని ఒకటుంది, అది చెయ్యి: దిద్దిన పేపర్‌ను దాచి, మూడు వారాల తర్వాత ఏమీ చదవకుండా అదే ప్రశ్నపత్రం తెల్ల కాగితం మీద మళ్లీ రాయి. అప్పుడు 22 ఉన్నచోట 13 వచ్చిందనుకో, ఆ పాఠంలో నీ అసలు మార్కు 13. బాధగానే ఉంటుంది. ఇంట్లో చూపించక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు.

స్కూలు పరీక్షలో రాతపూర్వక జవాబులకు వేరే మెలకువ కావాలి. అక్కడ దిద్దేవాళ్లు మెట్లవారీగా మార్కులు వేస్తారు కాబట్టి సూత్రం, విలువల ప్రతిక్షేపణ, జవాబు, యూనిట్ ఒక్కోటి ఒక్కో లైనులో కనపడాలి. మనసులో చేసేసి జవాబు మాత్రం రాస్తే, అది తప్పైనప్పుడు మొత్తం పోతుంది. మల్టిపుల్ చాయిస్‌కు అలవాటు పడినవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. వారానికి రెండు పెద్ద ప్రశ్నలు గడియారం పెట్టుకుని పూర్తిగా రాస్తే చాలు.

కెమిస్ట్రీలో ఊరికే గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉంటాయి: రంగులు, మినహాయింపులు, కారకాలు, బంధ కోణాలు. వీటికి కార్డులు బాగా పనిచేస్తాయి, ఒక కార్డు మీద ఒక్క సంగతే ఉంటే. 'పి బ్లాక్ మూలకాల ధర్మాలు' అని కార్డు రాస్తే అది కార్డు కాదు, పాఠం. 'అమ్మోనియాలో బంధ కోణం ఎంత, మీథేన్ కంటే ఎందుకు తక్కువ?' అని రాస్తే వెనకవైపు '107 డిగ్రీలు, నైట్రోజన్ మీది ఒంటరి ఎలక్ట్రాన్ జంట బంధాలను దగ్గరికి నెడుతుంది, మీథేన్‌లో 109.5' అని సరిపోతుంది. మూడు డబ్బాలు పెట్టుకో. మొదటి డబ్బాలోవి రోజూ, రెండో దాంట్లోవి మూడు రోజులకోసారి, మూడో దాంట్లోవి వారానికోసారి. కరెక్టు చెప్పిన కార్డు తర్వాతి డబ్బాకి వెళ్తుంది, తప్పిన కార్డు ఎక్కడున్నా తిరిగి మొదటి డబ్బాకే. జర్మనీలో సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, ఇవాళ్టి కార్డుల యాప్‌లన్నిటికీ తాత. జవాబు నోటితో పైకి చెప్పాకే కార్డు తిప్పాలి. మనసులో 'ఆ, అదే' అనుకుని తిప్పితే మళ్లీ పాత జబ్బే.

ఇప్పుడు నీ 110 దగ్గరికి వద్దాం. 35 కరెక్టుకు 140 వచ్చాయి, 30 తప్పులు 30 తినేశాయి. ఆ పేపర్ ఇంకా ఉందనుకుంటాను. మూడు గంటలు రాసిన మాక్ టెస్టును విప్పి చూడటానికి ఇంకో మూడు గంటలు పెట్టాలి. చాలామంది మార్కు చూసుకుని, కాసేపు బాధపడి, తర్వాతి టెస్టుకు వెళ్లిపోతారు. అలా ఇరవై టెస్టులు రాసినా ఇరవైసార్లు అవే తప్పులు.

మర్నాడు కూర్చో. సొల్యూషన్లు తెరవకముందే ఆ 30 తప్పులూ, వదిలేసిన 10, మొత్తం 40 ప్రశ్నలూ గడియారం లేకుండా మళ్లీ చెయ్యి. అప్పుడు ఒక్కో దాని పక్కన ఒక్కో అక్షరం పడుతుంది. ఇప్పుడూ రాకపోతే, ఆ విషయమే తెలియకపోతే 'తె'. చదివావు గానీ సూత్రం గుర్తురాకపోతే 'మ', అంటే మరుపు. ఇప్పుడు సులువుగా వచ్చేసి, ఆరోజు గుర్తు తప్పో కూడిక తప్పో ప్రశ్న సగం చదివో పోగొట్టుకుంటే 'పొ', పొరపాటు. ఊరికే ఏదో ఒకటి పెట్టేసినవాటికి 'గు', గుడ్డి పందెం. ఒక్కో అక్షరానికి మందు వేరు. 'తె' వస్తే పాఠం దగ్గరికి వెళ్లాలి. 'మ' వస్తే డైరీలో ఆ పాఠం ఎడం తగ్గించాలి. 'పొ' వస్తే పుస్తకం ముట్టుకోనే అక్కర్లేదు. నీ 30లో ఎనిమిది 'పొ'లు ఉన్నాయనుకుందాం. ఒక్కోటి సరిచేస్తే పోయిన 1 ఆగి, 4 వస్తాయి, అంటే ఐదు మార్కుల తేడా. ఎనిమిదికి 40. కొత్తగా ఒక్క ముక్క చదవకుండా 110 కాస్తా 150 అవుతుంది.

అయితే పొరపాట్లను 'సిల్లీ మిస్టేక్' అని నవ్వి వదిలేయడమే మనవాళ్ల అలవాటు. అది సిల్లీ కాదు, దానికో ఆకారం ఉంటుంది, పదేపదే అదే ఆకారంలో వస్తుంది. అందుకే తప్పుల పుస్తకం. ఒక్కో తప్పుకు మూడు లైన్లు చాలు. ఇందాకటి కెపాసిటర్ ప్రశ్నే తీసుకో: చార్జి చేసి బ్యాటరీ తీసేసిన కెపాసిటర్లో డైఎలెక్ట్రిక్ పెడితే శక్తి ఏమవుతుంది? నువ్వు 'కే రెట్లు పెరుగుతుంది' అని పెట్టావు (కే అంటే ఆ డైఎలెక్ట్రిక్ స్థిరాంకం). మొదటి లైను, ఏం చేశాను: కెపాసిటెన్స్ కే రెట్లయింది కాబట్టి శక్తి కూడా కే రెట్లన్నాను, వోల్టేజి మారదనుకున్నాను. రెండో లైను, ఎందుకు తప్పు: బ్యాటరీ లేదు, చార్జి ఎక్కడికీ పోలేదు, వోల్టేజే 1/కే వంతుకు పడిపోయింది, శక్తీ 1/కే వంతుకు తగ్గింది, బ్యాటరీ ఉంచి ఉంటే నేనన్నదే కరెక్టు. మూడో లైను, ఈసారి ఏం చేయాలి: కెపాసిటర్ ప్రశ్న చూడగానే 'బ్యాటరీ ఉందా, తీసేశారా' అన్న మాట కింద గీత గీసి, ఏది స్థిరమో పక్కన రాయాలి. మూడో లైను ఎప్పుడూ చేతికి పనిచెప్పేలా ఉండాలి. 'ఇకనుంచి జాగ్రత్తగా ఉండాలి' అని రాస్తే ఆ లైను దండగ. ప్రతి మాక్ టెస్టుకు ముందురోజు రాత్రి నువ్వు తిరగేయాల్సింది ఈ పుస్తకం ఒక్కటే.

'గు'ల లెక్క కూడా తేల్చుకుందాం. నాలుగు ఆప్షన్లు, కరెక్టుకు 4, తప్పుకు 1 అయితే, పది ప్రశ్నలకు కళ్లుమూసుకుని పెడితే సగటున రెండున్నర మార్కులు మిగులుతాయి. ఆ రెండున్నర కోసం రిస్కు తీసుకోవచ్చు, మానుకోవచ్చు. ఒక్క ఆప్షన్ కచ్చితంగా కాదని కొట్టేయగలిగితే పదికి దాదాపు ఏడు మార్కులు, రెండు కొట్టేయగలిగితే పదిహేను. కాబట్టి ఒక్కదాన్నైనా కారణం చెప్పి కొట్టేయగలిగినప్పుడు పెట్టు. యూనిట్లు కలవకపోవడం, సున్నా పెడితే జవాబు అర్థంలేకుండా పోవడం, ఇవన్నీ కారణాలే. 'మూడు ప్రశ్నలకు వరసగా సి వచ్చింది, ఇది బి అయ్యుంటుంది' అన్నది కారణం కాదు. కరెక్టుకు 1, తప్పుకు మూడో వంతు కోసే పరీక్షల్లో గుడ్డి పందేనికి సగటున వచ్చేది సున్నా. కోత లేని పరీక్షలో ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు.

పరీక్ష హాల్లో 180 నిమిషాలకు 75 ప్రశ్నలంటే ఒక్కోదానికి 2 నిమిషాల 24 సెకన్లు. ఇది సగటు మాత్రమే, ఒక్కో ప్రశ్నకు అంతే ఇవ్వాలని కాదు. పేపర్‌ను మూడుసార్లు చుట్టిరా. మొదటి చుట్టు గంట: చదవగానే దారి కనపడినవే చెయ్యి, అర నిమిషంలో దారి దొరక్కపోతే గుర్తు పెట్టి ముందుకు వెళ్లు. రెండో చుట్టు ఇంకో గంటన్నర, దారి తెలిసి పొడవుగా ఉన్నవాటికి. మిగిలిన అరగంట మొండివాటికీ, సరిచూసుకోవడానికీ. నాలుగు నిమిషాలు దాటినా తెగని ప్రశ్నను వదిలేయాలి. ఇంతసేపు పెట్టాను కదా అని ఇంకో ఐదు నిమిషాలు పెట్టడం దగ్గరే తెలివైన పిల్లలు మునుగుతారు. అదే సమయంలో వెనక పేజీల్లో మూడు సులువైనవి నీకోసం ఎదురుచూస్తుంటాయి. ఈ చుట్టు పద్ధతి అసలు పరీక్షరోజు కొత్తగా ప్రయత్నిస్తే కంగారు తప్ప ఏమీ రాదు, కాబట్టి వచ్చే మాక్ టెస్టు నుంచే మొదలుపెట్టు.

ఇప్పుడు గంటల సంగతి. నీ స్నేహితుడు రెండింటిదాకా కూర్చుని, పొద్దున తొమ్మిదింటికి లేస్తాడేమో మనకు తెలియదు. స్కూలుకు ఆరింటికి లేస్తుంటే మాత్రం అతను చదువుతున్న దాంట్లో చాలాభాగం ఇసుకలో పోసిన నీళ్లే. చదివింది మెదడులో కుదురుకోవడంలో నిద్రకూ పాత్ర ఉంది. 2003లో వాన్ డాంగెన్ బృందం చేసిన ప్రయోగంలో, రెండు వారాలపాటు రోజుకు ఆరు గంటలే నిద్రపోయినవాళ్ల ఏకాగ్రత, రాత్రంతా మేలుకున్నవాళ్లంత అధ్వాన్నంగా పడిపోయింది. తాము అంతగా దిగజారామని మాత్రం వాళ్లకు అనిపించలేదు. 'నాకు అలవాటైపోయింది' అనేవాళ్లంతా ఇదే చెప్తారు. నీ వయసుకు ఎనిమిది గంటలు కావాలి. రాత్రి పదకొండు తర్వాత చదివే గంట ఖర్చు మర్నాటి ఉదయం చెల్లించాల్సి వస్తుంది.

ఇప్పుడున్న ఎనిమిది గంటల్లోనే ఎంత నిజంగా చదువుతున్నావో మూడు రోజులు లెక్కపెట్టు. ఫోన్ వేరే గదిలో పెట్టి యాభై నిమిషాలు కదలకుండా పనిచేస్తే ఒక గీత. మధ్యలో లేస్తే గీత లేదు. రోజు చివర గీతలు చూసుకుంటే ఎనిమిదికి బదులు నాలుగో ఐదో ఉంటాయి, అందరికీ అంతే. ఆ ఐదును ఆరు చేసుకోవడం గంటలు పెంచడం కంటే తేలిక. ప్రతి యాభై నిమిషాలకు పది నిమిషాలు లేచి తిరుగు. లేచే ముందు, తిరిగొచ్చి మొదట ఏం చేయాలో ఒక లైను రాసిపెట్టుకో, లేకపోతే ఆ పది నిమిషాలు ముప్పై అవుతాయి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. ఈ వారం రెండే: పాత మాక్ టెస్టులోని 40 ప్రశ్నలకు అక్షరాలు వెయ్యి, రోజుకొక సెక్షన్ తెల్ల కాగితం మీద దించు. వచ్చే వారం డైరీ. కార్డులు ఆ తర్వాత. రెండు మాక్ టెస్టులు రాశాక మళ్లీ ఉత్తరం రాయి. మొత్తం మార్కు నాకు అక్కర్లేదు. 'తె' ఎన్ని, 'మ' ఎన్ని, 'పొ' ఎన్ని, 'గు' ఎన్ని అన్న నాలుగు అంకెలు పంపితే, తర్వాత ఏం చేయాలో చెప్తాను.